ఎఫ్‌ఎన్‌పీ కోర్సుకు ఫీజు కట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి, డల్లాస్ నుంచి పిన్ని ఆశీర్వదించి వ్రాయునది.

ఐసీయూ నైట్ డ్యూటీలతో విసిగి, రోగులను తానే పరీక్షించి మందులు రాసే నర్సుగా తయారుచేసే ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ (ఎఫ్‌ఎన్‌పీ) కోర్సులో చేరాలనుకుంటున్నావని అక్క ఫోనులో చెప్పింది. సంతోషమే. అయితే ఆ శిక్షణ పసిబిడ్డ మొదలు పండు ముసలి దాకా క్లినిక్కుకు వచ్చేవారిని చూడటానికి ఉద్దేశించినది. వెంటిలేటర్ మీది రోగులను చూడాలన్న కోరిక ఇంకా మిగిలి ఉంటే, దానికి అక్యూట్ కేర్ అనే వేరే కోర్సు, వేరే సర్టిఫికేషన్ ఉన్నాయి.

అక్రెడిటేషన్ (అధికారిక గుర్తింపు) లేని కళాశాల వైపు నువ్వు ఎలాగూ చూడవు. నువ్వు అడగవలసిన అసలు ప్రశ్న, ప్రిసెప్టర్‌ను, అంటే క్లినిక్కులో నీ పక్కనుండి పని నేర్పేవారిని, ఎవరు వెతికిపెడతారన్నది. చాలాకాలం కనీసం 500గా ఉన్న క్లినికల్ గంటలను 2022 నాటి జాతీయ ప్రమాణాలు 750కి పెంచాయి. అవన్నీ అనుభవజ్ఞులైన ప్రాక్టీషనర్ల, డాక్టర్ల పర్యవేక్షణలో నువ్వు స్వయంగా రోగులను చూసిన గంటలై ఉండాలి. కొన్ని ఆన్‌లైన్ కళాశాలలు ఫీజు వసూలు చేసుకుని, ఆ వెతుకులాటను మాత్రం విద్యార్థి నెత్తిన పెడతాయి. పిల్లల వైద్యానికి, స్త్రీల వైద్యానికి చోటు దొరకడం మరీ కష్టం. దొరికినా కళాశాలకూ క్లినిక్కుకూ మధ్య ఒప్పందం కుదిరేసరికి నెలలు గడిచి, సెమిస్టర్ చేజారిపోయినవారిని ఎందరినో చూశాను. కాబట్టి, చోటు దొరకకపోతే ఏం చేస్తారో వారిచేత రాతపూర్వకంగా చెప్పించుకో.

విజయవాడ హెల్త్ యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు తెప్పించే పని ఇప్పుడే మొదలుపెట్టు, అది నీ చేతిలో ఉండే పని కాదు.

ఇక చదువు విషయానికి వస్తే, పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ, ఫిజికల్ అసెస్‌మెంట్ అనే మూడు సబ్జెక్టులను ఉద్యోగం చేస్తూ నెట్టుకురాగలవు గాని, క్లినికల్ సెమిస్టర్లలో షిఫ్టులు తగ్గించుకోక తప్పదు. అప్పటిదాకా డాక్టరు రాసిన ఆర్డరును అమలు చేసిన నువ్వు, ఇకపై మానిటర్ అంకెలేవీ లేనిచోట, రోగి చెప్పిన మాటలను బట్టి ఏ జబ్బో నిర్ణయించాలి. పిల్లల దగ్గరికి వచ్చిన మన పెద్దవాళ్లు ఇండియా మాత్రల సంచీని బల్ల మీద బోర్లించినప్పుడు, అందులో ఏది దేనికో విప్పి చెప్పగలగడం కూడా ఆ విద్యలో భాగమే, సిలబసులో లేకపోయినా.

మన టెక్సాస్‌లో నర్స్ ప్రాక్టీషనర్ మందులు రాయాలంటే డాక్టరుతో ఒప్పందం ఉండాలి. పక్కనున్న న్యూమెక్సికోలో అక్కర్లేదు. ఎక్కడ స్థిరపడాలో మీ ఆయనతో ఇప్పుడే మాట్లాడుకో.

నువ్వు అనుకుంటున్న కళాశాలల పేర్లు పంపితే, ఒక్కొక్కరినీ ఏమేమి అడగాలో రాసి పంపుతాను.

ఇట్లు,
పిన్ని