‘ఈ’ క్లిప్పు ఏ క్లిప్పు?

సందేహం: మా అబ్బాయి రిమోట్ కారు విడిభాగాలతో వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని కంప్యూటర్ చేత తెలుగు చేయిస్తే ‘కడ్డీ చివర ఈ క్లిప్‌ను బిగించండి’ అని వచ్చింది. క్లిప్పును బిగిస్తామా, తొడుగుతామా? దానికి తెలుగు మాట ఉందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: ముందు ఆ ‘ఈ’ సంగతి. అది మన ‘ఈ’ కాదు, ఇంగ్లీషు అక్షరం. కడ్డీ మీది భాగం జారిపోకుండా పట్టే ఈ చిన్న క్లిప్పు మూడు పళ్లతో ఆ అక్షరంలా ఉంటుంది కనుక ఆ పేరు. యంత్రానికి ఆ తేడా తెలియకపోతే పోనీ, మధ్యన ఒక గీత పెట్టి ‘ఈ-క్లిప్పు’ అని రాయాలని మనుషులకూ తోచడం లేదు!

మరలు, నట్లు తిప్పి బిగిస్తాం. గాజులు, ఉంగరాలు కొసనుంచి తొడుగుతాం. ఇది రెండూ కాదు. కడ్డీకి చెక్కిన సన్నని గాడికి ఎదురుగా క్లిప్పు నోరు పెట్టి, సన్నమూతి ప్లయరుతో పక్కనుంచి టక్కుమనేదాకా నొక్కాలి. మూడు పళ్లూ గాడిలో కూర్చోవాలి. వేలు అడ్డం పెట్టకపోతే ఎగిరి ఎక్కడో పడుతుంది. నోరు సాగినదాన్ని మళ్లీ వాడకూడదు. కనుక ‘గాడిలోకి ఎక్కించండి’ అంటాను. మెకానిక్కుల ‘లాక్ వెయ్యి’ కూడా తప్పేమీ కాదు. కారు పైడొప్పను పట్టి ఉంచే క్లిప్పుకు మాత్రం ‘గుచ్చు’ చాలు: తిన్నని కాలు రంధ్రంలో దూరుతుంది, వంపుకాలు బయటనుంచి పట్టుకుంటుంది.

ఇక పేరు. చక్రం జారిపోకుండా ఇరుసు కొసన దిగగొట్టేది చీల, కడచీల. సంస్కృతంలో అణి, ఆణి. ఋగ్వేదం మొదటి మండలం 35వ సూక్తంలోనే ‘ఆణిం న రథ్యమ్’ అని ఉంది. రథం బరువు ఆణి మీద నిలిచినట్టు అమృతవస్తువులన్నీ సవితను, అంటే సూర్యదేవుణ్ణి, ఆశ్రయించాయట. అంత పెద్ద దేవుడికి ఇంత చిన్న మేకుతో పోలిక! దశరథుడి రథానికి చీల ఊడితే కైక వేలు పెట్టిందనే కథ వాల్మీకిలో లేదు, అయినా జనం వదలలేదు. సంస్కృత నిఘంటువు అమరకోశంలో అమరసింహుడు ‘అక్షాగ్రకీలకే తు ద్వయోరణిః’ అన్నాడు. ఇరుసు కొసనున్న కీలకం అణి. ఆ మాట పుంలింగంలోనూ స్త్రీలింగంలోనూ చెల్లుతుంది.

అక్కడున్న ‘కీలకం’ చూశారా? మేకు! ఇప్పుడు పత్రికల్లో సమావేశం కీలకం, వ్యాఖ్యలు కీలకం, చివరికి నిందితుడూ కీలకమే. ఇన్ని మేకులు కొట్టిన బండిలో చక్రానికి చోటెక్కడ?

‘కీల’మే ‘చీల’ అయిందా? కన్నడ కివి మనకు చెవి, వాళ్ల కెఱె మనకు చెఱువు. కనుక కావచ్చు, పట్టుబట్టను. చీలమండ, ఆణిముత్యం సంగతి మరోసారి.

చీల గుచ్చేది, ఈ-క్లిప్పు కరిచేది. అందుచేత పైడొప్ప క్లిప్పును నిస్సంకోచంగా చీల అనండి. ఈ-క్లిప్పును ‘గాడిచీల’ అనవచ్చునేమో. కొట్లో మాత్రం ఈ-క్లిప్పనే అడగండి. కొలత చెప్పేటప్పుడు కడ్డీ లావు కాదు, గాడి అడుగున ఉన్న లావు చెప్పాలి.