ల్యాప్‌టాప్ ప్రాసెసర్ దాని మీద రాసిన వేగం కన్నా తక్కువలో ఎందుకు నడుస్తుంది?

అది లోపం కాదు, కరెంటు ఆదా కోసం కావాలనే అలా చేశారు. ఇంటెల్ 2000లో మొబైల్ పెంటియం 3తో తెచ్చిన స్పీడ్‌స్టెప్ అనే టెక్నాలజీ పని కూడా ఇదే. చిప్ లెక్కలు చేసేటప్పుడు తినే పవర్ వేగాన్ని బట్టీ, వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీ × వోల్టేజీ) బట్టీ పెరుగుతుంది. వేగం తగ్గితే తక్కువ వోల్టేజీ చాలు. అసలు ఆదా అక్కడే. రెండూ 20 శాతం తగ్గిస్తే ఆ ఖర్చు దాదాపు సగమవుతుంది! అందుకే ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ కోర్ ఐ5-8250యూ బేస్ వేగం (అంటే దాని మీద రాసిన వేగం) 1.6 గిగాహెర్ట్జ్ అయినా, ఖాళీగా ఉన్నప్పుడు 0.8 దగ్గర కనిపించవచ్చు. పని పడితే క్షణంలో లేస్తుంది, 3.4 దాకా కూడా. విండోస్ టాస్క్ మేనేజర్‌లో ఆ తక్కువ అంకె చూసి టెన్షన్ పడక్కర్లేదు. ఛార్జర్ పెట్టి బరువైన పని ఇచ్చినా వేగం పెరగకపోతే మాత్రం పవర్ మోడ్, ఫ్యాన్‌లో దుమ్ము ఒకసారి చూడండి.