నడుముకు రివాల్వరు ఉంటే ధైర్యమేనా?

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల నుంచి తుపాకీ లైసెన్సుల మీద వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. నాటు తుపాకీ ఇంట్లో ఉంచుకోవచ్చా అని అడిగినవాళ్లకు వేరే జవాబు అక్కర్లేదు. లైసెన్సు లేని తుపాకీ దగ్గరుంటే 2 నుంచి 5 ఏళ్ల జైలు, జరిమానా. తయారుచేసినా అమ్మినా 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా.

ప్రశ్న: పలాసలో జీడిపప్పు వ్యాపారం నాది. సీజన్‌లో జీడిపిక్కలు కొనడానికి ఉద్దానం ఊళ్లకు లక్షల్లో నగదు పట్టుకెళ్తాను. కిందటేడు రాత్రిపూట ఇద్దరు బండి అడ్డంపెట్టారు, ఎలాగో తప్పించుకున్నాను. రివాల్వరు లైసెన్సు ఇస్తారా? దారిలో వాడాల్సివస్తే నా మీదే కేసవుతుందా? (వ్యాపారి, పలాస)

ఆ రాత్రి జరిగింది స్టేషన్లో రాయించారా? రాయించకపోతే మీ దరఖాస్తు అక్కడే బలహీనపడుతుంది. ‘ప్రాణభయం ఉంది’ అని అందరూ రాస్తారు. ఎఫ్ఐఆర్ నంబరు, జీఎస్టీ కాగితాలు, బ్యాంకులో నగదు తీసిన స్టేట్‌మెంట్లు జతచేస్తే అది మీ ఒక్కరి భయం అవుతుంది. వ్యాపార స్వభావం వల్ల ప్రాణానికో ఆస్తికో నిజంగా రక్షణ అవసరమైనవాళ్లను పరిగణించాలని 2016 ఆయుధాల నిబంధనల్లోనే ఉంది.

విశాఖ నగరంలో లైసెన్సు ఇచ్చేది పోలీసు కమిషనరు. మీ జిల్లాలో జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు. వయసు 21 నిండాలి. ఫారం ఏ-1తో పాటు ఫొటోలు, వయసు, చిరునామా రుజువులు ఇవ్వాలి. భద్రతా శిక్షణ పొందినట్టు ఎస్-1, తుపాకీని ఇంట్లో భద్రంగా దాస్తానని హామీగా ఎస్-2, శారీరక, మానసిక ఆరోగ్యం మీద డాక్టరు ఇచ్చే ఎస్-3 ఉండాలి. చాలా దరఖాస్తులు వెనక్కొచ్చేది ఈ మూడింట్లో ఏదో ఒకటి లేకే. ఎస్-2 రాసేముందు ఇంట్లో గోడకు బోల్టులతో బిగించిన ఉక్కు లాకరు నిజంగా ఉండాలి. విచారణకు వచ్చిన ఎస్సై చూసేది దాన్నే. చీరల బీరువా చూపిస్తే రిపోర్టు మీకు అనుకూలంగా రాదు. మీ మీద ఉన్న కేసులు, బైండోవర్లు, తాగుడు, ఇంట్లో తగాదాలు కూడా ఆరాతీస్తారు. ఇరుగుపొరుగును అడుగుతారు.

పోలీసు రిపోర్టుకు 30 రోజులు, అది అందాక నిర్ణయానికి 60 రోజులు గడువు. కాదంటే కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఆస్తి చాలదన్న ఒక్క కారణంతో తిరస్కరించడం చెల్లదు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

లైసెన్సు వచ్చాక దొరికేది పాయింట్ 32 రివాల్వరో పిస్తోలో. 9 ఎం.ఎం. పిస్తోలు నిషిద్ధ బోరు (బోరంటే గొట్టం లోపలి వెడల్పు), దాని సంగతి కేంద్ర హోంశాఖ చూస్తుంది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. లైసెన్సు గడువు 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లయింది. తుపాకీ హోల్‌స్టర్‌లో, పైకి కనబడకుండా ఉండాలి. జాతరలకు, ఊరేగింపులకు, సభలకు, బడి ఆవరణలోకి తీసుకెళ్లకూడదు. రథసప్తమికి అరసవల్లి వెళ్తూ, సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్తూ నడుముకు పెట్టుకున్నారంటే లైసెన్సు షరతు మీరినట్టే. పెళ్లి ఊరేగింపులో ఉత్సాహం కొద్దీ గాల్లోకి కాల్చినా 2 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. నగదు మోసే గుమాస్తా చేతికి మీ రివాల్వరు ఇచ్చి పంపితే ఇద్దరి మీదా కేసే.

ఇక వాడటం. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణవే. చావు తప్పదనో తీవ్రగాయం అవుతుందనో సహేతుకమైన భయం ఉంటే ప్రాణం తీసేదాకా ఆ హక్కు వెళ్తుంది. అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి జరుగుతున్నా అంతే. ఆస్తి విషయానికొస్తే దారిదోపిడీ, పొద్దుగూకాక ఇంటికి కన్నం వేయడం, కాపురమున్న ఇంటికి నిప్పుపెట్టడం అందులోకి వస్తాయి. కానీ అవసరానికి మించిన హాని చెయ్యకూడదు, పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే హక్కే లేదు. పైగా దోపిడీలో ఆ హక్కు బతికుండేది ప్రాణభయమో దెబ్బల భయమో నిర్బంధ భయమో ఉన్నంతసేపే. బ్యాగు లాక్కుని ఆ ఇద్దరూ బండెక్కి పోతుంటే వెనక నుంచి కాల్చారనుకోండి, అక్కడ మీరు ముద్దాయి. వీపులో దిగిన తూటా కోర్టులో మీకు ఎదురుసాక్షి. ఆత్మరక్షణకే కాల్చానని చూపించాల్సిన భారం కూడా మీదే. కాల్చాల్సివస్తే వెంటనే 112కు చెప్పండి. తూటాలు తీసి తుపాకీ పక్కన పెట్టండి. తుడవకండి, దాచకండి. ఖాళీ తొడుగులు పడినచోటే ఉంచండి.

ఇంకో లెక్క చూడండి. ఏడు గజాల దూరంలో ఉన్న మనిషి మీ మీదకు రావడానికి ఒకటిన్నర సెకను చాలు. మీ రెండు చేతులూ హ్యాండిల్ మీద, రివాల్వరు చొక్కా కింద. అందుకే దరఖాస్తు పెట్టండి గానీ, దానికంటే ముందు రైతుల డబ్బు వాళ్ల ఖాతాల్లోకి పంపడం మొదలుపెట్టండి. నగదు తప్పనిచోట పగలు, ఇద్దరు కలిసి, రోజుకో దారిన వెళ్లండి. లక్షలు ఎప్పుడు, ఏ దారిన వెళ్తాయో ఊరందరికీ తెలిసినప్పుడు నడుముకున్న రివాల్వరు కూడా దొంగకు దొరికే సొమ్మే అవుతుంది.

ప్రశ్న: మా నాన్నగారి జోడుగొట్టాల తుపాకీ ఇంట్లో ఉంది. ఆయన పోయి నాలుగు నెలలు. లైసెన్సు ఆయన పేరునే ఉంది. చిన్నాన్న అటకమీద ఉండనిమ్మంటున్నారు. నా పేరున మార్చుకోవచ్చా? (బొబ్బిలి మండలం)

అటకమీద ఉన్న ప్రతిరోజూ అది లైసెన్సు లేని తుపాకీయే. లైసెన్సు మనిషితోనే పోతుంది. రేపు పొద్దున్నే ఎస్సైగారికి ఫోన్ చేసి సంగతి చెప్పి, ఆయన చెప్పిన విధంగా స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయండి. చెప్పకుండా బండి మీద పెట్టుకుని బయల్దేరకండి, దారిలో తనిఖీ అయితే చెప్పుకోలేరు. రసీదులో తయారీదారు పేరు, తుపాకీ నంబరు, తూటాల లెక్క రాయించుకోండి. గొట్టాల లోపల తుప్పుందా లేదా అన్నది కూడా రాయించండి. తిరిగి తీసుకునేటప్పుడు గొడవలు వచ్చేది అక్కడే.

తర్వాత మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసులందరి అభ్యంతరం లేదన్న అఫిడవిట్లు పెట్టి మీ పేరున ఫారం ఏ-1 దాఖలు చేయండి. విచారణ మామూలే. అక్కర్లేదనుకుంటే డీలరుకు అమ్మేయొచ్చు. ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే ప్రభుత్వానికి జప్తవుతుంది. పెద్దవాళ్లు బతికుండగానే ఈ పని చేసుకునే దారి కూడా ఉంది: లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ 25 ఏళ్లు ఆయన దగ్గరున్నా, వారసుల్లో ఒకరిని ఎంచుకుని వాళ్ల పేరున అడగొచ్చు.

లైసెన్సు వచ్చిందని వెంటనే కాల్చకండి. తుపాకీని కీలు దగ్గర వంచి తెరిచి, రెండు చాంబర్లూ (తూటా కూర్చునే చోట్లు) ఖాళీ అని కళ్లతోనే కాదు, వేలు పెట్టి కూడా చూడండి. గొట్టాన్ని వెలుతురుకు పెట్టి లోపల చూస్తే అద్దంలా మెరవాలి. నల్లటి గుంటలు కనబడితే తుప్పు లోతుకు తిన్నట్టు. గొట్టం బయట వంపులు వంపులుగా, మెలితిప్పిన తాడులా గీతలుంటే అది ఇనుప, ఉక్కు పట్టీలు చుట్టి అతికిన పాతకాలపు డమాస్కస్ గొట్టం. పాతకాలపు నల్ల తుపాకీమందు కోసం చేసినది, ఇప్పటి పొగలేని మందు ఒత్తిడికి చీలిపోవచ్చు. అలాంటిది గోడకే అందం. చాంబరు పొడవు కూడా కొలిపించండి. పాత తుపాకులు చాలావాటికి 65 మిల్లీమీటర్లే. ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా అందులో సులువుగానే దూరుతుంది, ప్రమాదం దాంట్లోనే ఉంది. పేలినప్పుడు తూటా మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది.

నాన్నగారి పెట్టెలో మిగిలిన కాగితపు తొడుగుల తూటాలు మన చెమ్మకు ఉబ్బి ఉంటాయి. చాంబర్లో ఇరుక్కుంటాయి, లేదా పేలవు. ట్రిగ్గర్ లాగినా పేలకపోతే తుపాకీని జనం లేనివైపు అలాగే పట్టుకుని 30 సెకన్లు ఆగండి. మందు ఆలస్యంగా అంటుకోవడం కద్దు. వెంటనే తెరిస్తే ముఖం మీదే పేలుతుంది. ఆ పాత తూటాలు కూడా స్టేషన్లో ఇచ్చేయడం మేలు.

ప్రశ్న: మందస వైపు మా తోటల్లోకి ఎలుగులు వస్తున్నాయి. పందులు చేలు పాడుచేస్తున్నాయి. తుపాకీ ఇస్తారా?

పంటరక్షణకు మందు దట్టించి కాల్చే తుపాకీకి లైసెన్సు అడగొచ్చు, చట్టంలో దానికి ప్రత్యేకంగా చోటుంది. కానీ ఆ లైసెన్సు జంతువును చంపడానికి అనుమతి కాదు. ఎలుగు వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది. పందిని చంపాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. మీద పడిన జంతువును సద్భావంతో, ప్రాణరక్షణకు చంపితే మాత్రం నేరం కాదని 11వ సెక్షన్ చెబుతోంది. వేటకెళ్లి మీదికి తెచ్చుకుంటే ఆ రక్షణ వర్తించదు.

తుపాకీ మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. పిట్టలను కొట్టే సన్నగుళ్ల తూటా ఎలుగుకు తగిలితే చావదు, గాయపడి మరింత రెచ్చిపోతుంది. ఎలుగుకు చూపు తక్కువ. దగ్గరకొచ్చాకే మనిషిని గమనించి బెదిరి మీద పడుతుంది. జీడిమామిడి పళ్లు, పనస పండే రోజుల్లో తెల్లవారుజామున, చీకటిపడ్డాక ఒంటరిగా తోటకు వెళ్లకండి. ఇద్దరు ముగ్గురు గట్టిగా మాట్లాడుకుంటూ, టార్చి వేసుకుంటూ వెళ్లండి. రాలిన పళ్లు ఇంటి పక్కన కుప్పపెట్టకండి. పందులకు కరెంటు తీగలు, నాటుబాంబులు పెట్టేవాళ్లకు మా గట్టి మాట: ఆ తీగకు చచ్చేది పొరుగు రైతు కూడా కావచ్చు.

ప్రశ్న: కాకుల్ని, కోతుల్ని తోలడానికి ఎయిర్‌గన్ కొనొచ్చా? (రాజాం)

0.177 బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నదైతే లైసెన్సు అక్కర్లేదు. గుర్తింపు కార్డు ఇచ్చి కొనుక్కోవచ్చు. కోతిని కొట్టొద్దు. కంటికి తగిలితే మనిషికైనా చూపు పోతుంది.

ప్రశ్న: ఎన్నికలు వచ్చినప్పుడల్లా నా తుపాకీ స్టేషన్లో పెట్టమంటారు. నా మీద ఏ కేసూ లేదు. ఇవ్వనంటే? (నెల్లిమర్ల)

ఎవరి ఆయుధాలు డిపాజిట్ చేయించాలో జిల్లాలో స్క్రీనింగ్ కమిటీ చూస్తుంది. మీకు నిజమైన ముప్పుంటే నోటీసు రాగానే మినహాయింపు కోరుతూ ఆ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. బ్యాంకు కాపలాదారులకు, పోటీల్లో పాల్గొనే షూటర్లకు మినహాయింపులున్నాయి. నోటీసు అందాక ఊరుకుంటే మాత్రం కేసు, పైగా లైసెన్సు రద్దుకు దారి. ఇచ్చేముందు గొట్టంలో నూనె గుడ్డ లాగి, పైన పలచగా నూనె రాసి ఇవ్వండి. తోలు హోల్‌స్టర్లో పెట్టి ఇవ్వకండి. తోలు చెమ్మ పీల్చి ఉక్కును తుప్పు పట్టిస్తుంది. సముద్రపు గాలి తగిలే స్టేషన్లలో నెల రోజులే చాలు. ఫలితాలొచ్చి వారం గడిచాక రసీదు చూపి అడగండి.

రెండు ఉత్తరాలు, రెండు దారులు

విజయనగరం నుంచి ఒక ఉపాధ్యాయిని, ‘పోలీసులకు తప్ప ఎవరికీ తుపాకీ వద్దు, ఇచ్చిన లైసెన్సులు కూడా వెనక్కి తీసుకోవాలి’ అంటున్నారు. టెక్కలి నుంచి ఒక న్యాయవాది, ‘చట్టం ఆత్మరక్షణ హక్కు ఇచ్చి ఆయుధం ఇవ్వకపోతే ఆ హక్కు కాగితం ముక్కే’ అంటున్నారు.

న్యాయవాదిగారి మాట కొత్తది కాదు. 1878లో ఇంగ్లీషువాళ్లు ఆయుధాల చట్టం తెచ్చింది మన చేతులు కట్టేయడానికే. ఆ కోపంతోనే 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును పౌరహక్కుల్లో చేర్చారు. రాజ్యాంగంలోకి మాత్రం అది రాలేదు. కర్ణాటకలోని కొడగులో కొడవ జాతివాళ్లకు ఇప్పటికీ లైసెన్సు నుంచి మినహాయింపుంది. స్టేషనుకు గంట దూరంలో ఉన్న ఊరివాడికి పోలీసులు వచ్చేదాకా ఆగమని చెప్పడం తేలికే. ఆగాల్సింది అతను.

ఉపాధ్యాయినిగారి భయం అంతకంటే దగ్గరిది. ఇంట్లో తుపాకీ ఎక్కువసార్లు దొంగ మీద కాక ఇంటివాళ్ల మీదే తిరుగుతుంది. అమెరికాలో 2021లో తుపాకులకు 48,830 మంది పోయారు. అందులో 26,328 ఆత్మహత్యలు. అప్పుల బాధలో, తాగిన కోపంలో చేతికందే దూరంలో తూటా ఉండటం, లేకపోవడం మధ్య ఒక ప్రాణం ఉంటుంది.

మా ఉద్దేశంలో లైసెన్సులు ఆపనక్కర్లేదు, అడిగినవాళ్లందరికీ ఇవ్వనూ అక్కర్లేదు. ముప్పు రుజువైనవాళ్లకు త్వరగా ఇవ్వాలి. డాక్టరు సర్టిఫికెట్టును లాంఛనంగా కాక నిజంగా చూడాలి. ఇంట్లో ఒకరికి మనసు బాగోలేదని తెలిస్తే ఆ ఇంటివాళ్లే వచ్చి తుపాకీని కొన్నాళ్లు డిపాజిట్ చేసేలా స్టేషన్లో మర్యాదగా తీసుకోవాలి. ఇప్పుడు ఆ పనికి వచ్చినవాళ్లను అనుమానంగా చూస్తే ఇంకెవరూ రారు.

ప్రశ్న: మా అబ్బాయి హెచ్1బీ మీద టెక్సాస్‌లో ఉన్నాడు. దుకాణాల్లో దోపిడీలు చూసి భయపడి తుపాకీ కొనుక్కుంటానంటున్నాడు. అక్కడ లైసెన్సే అక్కర్లేదట కదా? (పార్వతీపురం)

2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో 21 దాటినవాళ్లు అనుమతిపత్రం లేకుండా చేతితుపాకీ వెంట పెట్టుకోవచ్చన్నది నిజమే. అది చట్టప్రకారం తుపాకీ ఉంచుకోదగిన వాళ్లకు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటంలాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. శిక్ష 15 ఏళ్ల దాకా. దేశం నుంచి పంపేయడానికీ అది కారణం. కొనేటప్పుడు 4473 ఫారంలో వీసా సంగతి అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే ఇంకో నేరం. స్నేహితులతో రేంజ్‌కి (కాల్పులు సాధన చేసే చోటుకి) వెళ్లి అద్దె తుపాకీ పట్టుకున్నా ‘ఉంచుకోవడం’ కిందికే రావచ్చు. గదిలో ఉండే మిత్రుడికి తుపాకీ ఉంటే అది మీ అబ్బాయికి అందని తాళంలో ఉండాలి, తాళంచెవి మిత్రుడి దగ్గరే ఉండాలి. రేంజ్‌లో తుపాకీ పట్టుకుని తీసుకున్న ఫొటోలు వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టొద్దని ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి.