పేరు మాత్రం చెప్పకు, తల్లీ

చిట్టితల్లికి,

అమ్మమ్మ ఆశీస్సులు. నవంబరు 20న బ్లాకు ఆఫీసు మీటింగులో మీ గుణుపురం స్కూలు తరఫున పిల్లల హక్కుల మీద నువ్వే మాట్లాడుతున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మా వీధిలో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను. ఇటుక బట్టీకి వెళ్ళిపోయిన మీ క్లాసు అబ్బాయి కథ చెబుతావట కదా. అది విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరేలే అమ్మమ్మా" అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. గబగబా మాట్లాడకు, ఖాళీ కడుపుతో వెళ్ళకు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989లో వచ్చిందనీ, మన దేశం 1992లో చేరిందనీ ఒక్క ముక్కలో ముగించు. వేదిక మీద పెద్దలు ఎలాగూ అదే చెబుతారు. నువ్వు మీ ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ లేదని చెప్పు. ఎవరు వేయిస్తారో, ఏ తారీఖుకో అడుగు. బెత్తం సంగతీ ఎత్తు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం కొట్టడమే కాదు, మానసికంగా హింసించడమూ నిషేధమే. (నేనూ స్కేలు వాడినదాన్నే. మీ అమ్మకి బాగా తెలుసు.) మీ క్లాసు సవర తెగ పిల్లలతో వాళ్ళ భాషలో రెండు ముక్కలు చెప్పించు. మా పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు వందేళ్ళకు ముందే సవర నేర్చుకుని వాళ్ళకి బడులు పెట్టారు. ఇన్నేళ్ళు ఇక్కడే ఉండి నాకు ఒక్క ముక్క రాదు.

ఇక అసలు సంగతి. 1997లో నేను చెప్పే ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. పేరు నీకూ చెప్పను. మధ్యాహ్నం బోరింగు కొడుతూ, నా వైపు చూడకుండానే, "మేడమ్, మాఘంలో నాకు పెళ్ళి చేస్తారట, ఎవరితో అనకండి" అంది. పదమూడేళ్ళు. బకెట్ నిండి పొర్లిపోతున్నా చెయ్యి ఆపలేదు.

వారానికి బాలల దినోత్సవం. అధికారులొచ్చారు, మైకు నా చేతికిచ్చారు. నాకప్పుడు నోరెక్కువ. బాల్యవివాహాల గురించి మొదలుపెట్టి, ఆవేశంలో ఫలానా వీధి, ఫలానా వాళ్ళమ్మాయి అని ఇంటిపేరుతో సహా చెప్పేశాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు నచ్చాయి, అదీ నా సిగ్గు. వెనక వరసలో వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మూడో రోజు నుంచి పిల్ల బడికి రాలేదు. మాఘం దాకా ఎందుకు ఆగుతారు? ఆంధ్ర సరిహద్దు మనకి ఎంత దూరం గనక. పాతపట్నం అవతల మేనత్త ఊరి గుడిలో మార్గశిరంలోనే తాళి కట్టించేశారు. ఇక్కడి ఆఫీసరు "అది ఆంధ్ర, మా పరిధి కాదు" అన్నాడు. అక్కడికి వెళితే "పిల్ల ఒరిస్సాది కదమ్మా" అన్నారు. బల్ల కింద అరలో దాని రేకు కాంపాస్ బాక్సు మిగిలింది. లోపల సగం అరిగిన రబ్బరు, రెండు రూపాయల బిళ్ళ. ఇద్దామని వెళితే వాళ్ళమ్మ తలుపు తియ్యలేదు.

నేను ఊరుకుంటే ఆ పెళ్ళి ఆగేదని కాదు. ముందు వాళ్ళమ్మ దగ్గర కూర్చోవాల్సింది. ఏం చెయ్యమంటావని ఆ పిల్లనే అడగాల్సింది. పిల్లల మాట వినాలని ఒడంబడిక 12వ అధికరణంలో ఉంది. హక్కులంటూ మైకు పట్టుకున్నదాన్ని, ఆ ఒక్క పనీ చెయ్యలేదు.

అందుకని, మీ క్లాసు అబ్బాయిని ముందు అడుగు. వాళ్ళ మేస్త్రీ ఫోన్ ద్వారానైనా సరే. వద్దంటే ఆ కథ వదిలెయ్యి. సరేనన్నా పేరొద్దు, ఊరొద్దు, "నా ఫ్రెండు" అని కూడా అనకు. మీ క్లాసులో ఉన్నదే ముప్పై మంది, వాడెవడో మీటింగు అయ్యేలోపే తెలిసిపోతుంది. నా మాట ఆ గుడారం దాటలేదు, నీది వీడియో తీసి ఊళ్ళన్నీ తిప్పుతారు. ఆపదలో ఉన్న పిల్లల పేరు, బడి పేపర్లోనో టీవీలోనో వేస్తే ఆర్నెల్ల జైలు దాకా పడుతుందని 2015 బాలల న్యాయ చట్టంలో ఉంది. ఎవరికైనా సాయం కావాలంటే 1098కి ఫోన్ చెయ్యి, రాత్రయినా తీస్తారు, డబ్బు పడదు. పెళ్ళి జరగకముందే కోర్టు ద్వారా ఆపించే వీలు 2006 బాల్యవివాహాల నిషేధ చట్టంలో ఉంది. ఆ వీలు పాత చట్టంలోనూ ఉండేది, నాకే అప్పుడు తెలియదు.

భయపెడుతున్నానా? మాట్లాడొద్దని మాత్రం అనడం లేదు తల్లీ. నీ గొంతు వినాలని నాకే తొందరగా ఉంది. శనివారం రైలుకి వస్తున్నాను. ఉపన్యాసం ముందు నాకు చదివి వినిపించు, ఎర్ర పెన్ను తెస్తాను. జంతికలు కూడా తెస్తాను, మీ తమ్ముడికి కనపడకుండా దాచుకో.

మీ అమ్మమ్మ