ఐదోసారి మాత్రం పెట్టకు

చిన్నతల్లీ,

రాత్రి పన్నెండింటికి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ పొద్దున విన్నాను. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో పైథాన్ కోడ్ సర్దడానికి పెట్టుకున్న ఎక్స్‌టెన్షన్‌ని నాలుగుసార్లు తీసేసి పెట్టావు, అయినా ఫైల్ సేవ్ చేస్తే కోడ్ సర్దుకోవట్లేదు, అంతేగా? ఐదోసారి పెట్టకు. అమీర్‌పేట హాస్టల్ వైఫైని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వు.

నువ్వు పెట్టుకున్నది పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. మాట మోస్తుంది, అంతే. కోడ్ సర్దే అసలు ప్రోగ్రాం, అంటే ఫార్మాటర్‌ని, పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌తో విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఆ ముక్క ఎక్స్‌టెన్షన్ పేజీలో ఎక్కడో అడుగున రాసి ఉంటుంది. నేనూ ఇరుక్కున్నాకే చదువుతాను, నీకేం చెప్పను.

ముందు అది ఏమని మొత్తుకుంటోందో చూడు. వీఎస్ కోడ్‌లో వ్యూ మెనూ నుంచి అవుట్‌పుట్ తెరువు. కుడివైపు డ్రాప్‌డౌన్‌లో నీ ఎక్స్‌టెన్షన్ పేరు ఎంచుకో, లేకపోతే ఇంకో ఎక్స్‌టెన్షన్ రాసుకున్న సందేశాలు చదువుతూ కూర్చుంటావు. 'స్పాన్' అని మొదలై చివర 'ఎనోఎంట్' (ENOENT) అని ఉంటే, పిలిచిన ప్రోగ్రాం దానికి దొరకలేదని అర్థం.

"కమాండ్ ప్రాంప్ట్‌లో కొడితే ఆ ప్రోగ్రాం వస్తోంది కదా పెద్దమ్మా" అంటావు. తిరకాసంతా అక్కడే ఉంది. విండోస్‌లో ఏ ప్రోగ్రామైనా తాను తెరుచుకున్నప్పుడు పాత్, అంటే ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా, ఎలా ఉందో దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. ఎడిటర్ తెరిచి ఉండగా పైథాన్ ఇన్‌స్టాల్ చేశావనుకో, ఆ తర్వాత తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌కి ఆ సంగతి తెలుస్తుంది, ఎడిటర్‌కి తెలియదు. రీలోడ్ విండో నొక్కినా లాభం లేదు. ఎడిటర్ విండోలన్నీ మూసేసి మళ్లీ తెరువు.

అప్పటికీ రాకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో 'వేర్ పైథాన్' అని కొట్టు. రెండు మూడు దారులు కనిపిస్తే, పిప్ ఫార్మాటర్‌ని ఒక పైథాన్‌లో పెట్టింది, ఎడిటర్ ఇంకోదాంట్లో వెతుకుతోంది అనుకోవచ్చు. పైథాన్ ఫైల్ తెరిచి, కింద కుడిమూల కనిపించే వెర్షన్ నంబర్ నొక్కితే మార్చుకోవచ్చు. ఇకనుంచి ఉత్త పిప్ కాకుండా 'పైథాన్ డాష్ ఎం పిప్' అని కొట్టడం అలవాటు చేసుకో. ఏ పైథాన్‌ని పిలిస్తే ప్యాకేజీ దాంట్లోకే వెళ్తుంది.

మాదాపూర్‌లో పనిచేసే రోజుల్లో నేనూ ఇలాగే రెండు రోజులు పోగొట్టుకున్నాను. బ్రౌజర్‌లో అన్నీ తెరుచుకుంటున్నాయి, ఎడిటర్ మాత్రం మొండికేసింది. తీరా చూస్తే ఆఫీసులో నెట్‌కి దారిచ్చే ప్రాక్సీ సర్వర్ అడ్రస్ పిప్‌కి ఇవ్వలేదు, ప్యాకేజీ అసలు దిగనే లేదు. టెర్మినల్‌లో ఎర్రగా కనిపిస్తున్నా చదవకుండా ఎక్స్‌టెన్షన్‌ని తిట్టుకున్నాను.

ఇవన్నీ చేసినా కుదరకపోతే టెన్షన్ పడకు. అవుట్‌పుట్‌లో ఉన్న లైన్లు కాపీ చేసి వాట్సాప్‌లో పంపు. స్క్రీన్‌కి ఫోన్ అడ్డం పెట్టి తీసిన ఫొటోలు మాత్రం వద్దు, నా కళ్లజోడుకి అవి ఆనవు.

మీ పెద్దమ్మ