మెషీన్ వెనక గోడ

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు వాషింగ్ మెషీన్, డ్రైయర్ రెండూ ఒకేసారి కొంటోందిరా, తన జీతంతో" అంది. ఆ "తన జీతంతో" అన్న ముక్క మళ్లీ ఇంకోసారి అంది. మీ అత్తయ్యకి చెబితే, "ముగ్గురికి రెండు మెషీన్లా, దండెం లేదా" అంటూనే పక్కింటావిడకి చెప్పడానికి పిట్టగోడ దగ్గరికి పరుగెత్తింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ముప్పై నాలుగేళ్లు కరెంటాఫీసులో చేసినవాణ్ణి. నీళ్లూ కరెంటూ ఒకే డబ్బాలో ఉన్న వస్తువు ఇంట్లో పిల్లాడి పక్కకి వస్తోందంటే నిద్రెలా పడుతుంది? అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అని పెట్టేస్తావు.

నువ్వు పంపిన మూడు మోడళ్లూ చూశాను. ఏది కొన్నా పరవాలేదు. ముగ్గురికి 7 కిలోలు చాలు, 8 అయితే దుప్పట్లు కూడా పడతాయి. స్పిన్ నిమిషానికి 1400 చుట్లు ఉంటే బట్టలు బాగా పిండి వస్తాయి, డ్రైయర్‌కి పని తగ్గుతుంది. స్టార్ లేబుల్ మీద కిలో బట్టకి ఎంత కరెంటు, ఎన్ని లీటర్ల నీళ్లు అని ఉంటుంది, ఎన్ని స్టార్లన్న దాని కన్నా ఆ అంకెలు చూడు. పదేళ్ల వారంటీ అని పెద్ద అక్షరాలతో వేసేది మోటారుకి. పోయేది లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు. బోర్డుకి ఎన్నేళ్లో అడుగు. వైఫై ఎందుకో నాకైతే అర్థం కాలేదు. బట్టలు వెయ్యడానికి నువ్వే వెళ్లాలిగా.

ఇప్పుడు అసలు సంగతి. మెషీన్ సంగతి కాదు, దాని వెనక గోడ సంగతి.

మెషీన్ లోపల నీళ్లు వేడి చేసే హీటరు దాదాపు 2000 వాట్లు. అంటే తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. సెల్‌ఫోన్ చార్జర్ పెట్టే 6 ఆంపియర్ల సాకెట్‌కి అది మోయలేని బరువు. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ కావాలి. డ్రైయర్‌కి ఇంకొకటి విడిగా. ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టావని తెలిస్తే నేను మాట్లాడను. మూడు రంధ్రాలున్నంత మాత్రాన వెనక ఎర్త్ తీగ ఉన్నట్టు కాదు. కొత్త ఫ్లాట్ కదా మామయ్యా అనకు. కొత్త ఫ్లాట్లలో ఆ మూడో రంధ్రం వెనక ఖాళీగా ఉండటం నా కళ్లతో చూశాను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కూడా రాయాలి. ఇన్నేళ్లూ రాయలేదు.

2001 ఎండాకాలం. నీకు ఆరేళ్లు, సెలవులకి తెనాలి వచ్చావు. ఆ మార్చిలోనే విజయవాడ బీసెంట్ రోడ్డులో ఫ్రంట్ లోడ్ మెషీన్ కొన్నాను. మా వీధిలో అదే మొదటిది. గుండ్రటి గాజు తలుపులోంచి బట్టలు తిరగడం చూడటానికి పిల్లలు వరసగా కూర్చునేవాళ్లు. వెనక వరండాలో, మీ అమ్మమ్మ బట్టలుతికిన బండ పక్కన పెట్టాం. ఇల్లు మా నాన్న 1974లో కట్టించింది. ఎర్త్ గుంత తులసికోట అవతల ఉండేది. బొగ్గు, ఉప్పు వేసి పైపు దింపిన గుంత అది. ఎండాకాలం దాంట్లో నీళ్లు పొయ్యాలి. పదేళ్లుగా ఎవరూ పొయ్యలేదు. తీగ ఎప్పుడో తుప్పు పట్టి తెగిపోయింది. ఊళ్లో ఎవరింటికి వెళ్లినా "ఎర్త్ ఎక్కడండీ" అని అడిగేవాణ్ణి. నా ఇంట్లో అడగలేదు. పైగా మాటిమాటికీ ఫ్యూజు పోతోందని దాంట్లో లావు తీగ వేసిన ఘనత కూడా నాదే.

ఏప్రిల్‌లో మీ అత్తయ్య, "మెషీన్ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందండీ" అంది. నేను పేపర్లోంచి తల ఎత్తలేదు. "చెప్పులేసుకుని ముట్టుకో" అన్నాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం. నువ్వు కుళాయి కింద తడిసి, ఒట్టి కాళ్లతో వరండాలోకి పరుగెత్తుకొచ్చావు. నీ గౌను లోపల తిరుగుతోందని, రెండు చేతులూ తలుపు పక్క రేకు మీద ఆనించి తొంగి చూశావు. కేక కూడా వినపడలేదు. దబ్బుమని చప్పుడే. నేను వచ్చేసరికి పక్కకి పడి ఉన్నావు, బండ అంచు కొట్టుకుని గడ్డం కింద చీరుకుపోయింది. నిన్ను ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తిన దారి నాకు గుర్తు లేదు. నీ కాళ్ల తడి నా చొక్కాకి అంటుకోవడం గుర్తుంది. మూడు కుట్లు పడ్డాయి.

మీ అమ్మకి "తడి నేల మీద జారింది" అని చెప్పాం. నువ్వూ అదే అనుకుంటూ పెరిగావు. నీ పెళ్లి ఆల్బంలో దగ్గరగా తీసిన ఫొటో ఒకటుంది, ఆ మచ్చ బాగా కనిపిస్తుంది. ఆ పేజీ నేను గబుక్కున తిప్పేస్తాను.

తర్వాత మెకానిక్ వచ్చి హీటరు బయటికి లాగాడు. మా ఇంటి బోరు నీళ్లు ఉప్పన. రెండు నెలలకే కడ్డీ నిండా తెల్లటి సున్నపు పెచ్చులు కట్టాయి. ఆ పొర కింద వేడి బయటికి పోలేక కడ్డీ పైతొడుగు పగిలింది. కరెంటు నీళ్లలోకి, అక్కణ్ణుంచి మెషీన్ ఒంటికి వచ్చింది. ఎర్త్ ఉంటే ఆ దారిన నేలలోకి పోయేది, సరైన తీగ వేసి ఉంటే ఫ్యూజు ఎగిరిపోయేది. వేరే దారి లేక నీ ఒంట్లోంచి పోయింది. ఆ సాయంత్రం నేను కొత్త గుంత తవ్వుతుంటే మీ అత్తయ్య వచ్చింది. నా చెప్పులు తెచ్చి నా ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

సరే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి నీ ముందే పరీక్ష చేయించు. ఫేజుకీ (కరెంటు వచ్చే తీగ) ఎర్తుకీ మధ్య టెస్ట్ ల్యాంపు పెడితే నిండుగా వెలగాలి. మీ డీబీ బాక్సులో, అంటే ఇంటి స్విచ్‌లన్నీ ఉండే పెట్టెలో, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్) ఉంటే వెలగకముందే అది టప్పున ట్రిప్ అవ్వాలి. మసకమసగ్గా వెలిగినా, ట్రిప్ అవ్వకుండా అసలు వెలక్కపోయినా అతన్ని పంపకు. ఆర్‌సీసీబీ మీద 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉండాలి. దాని మీద టి అని చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడు. అది లేకపోతే డ్రైయర్ కొనే డబ్బుల్లోంచి ముందు అది పెట్టించు. జిల్లుమంటే చెప్పులేసుకోవడం కాదు, మెయిన్ ఆపడం.

మీ నిజాంపేట నీళ్లు నేను తాగి చూశాను కదా, మా బోరుకి ఏమీ తీసిపోవు. ల్యాబులో కఠినత్వం, అంటే నీళ్లలో సున్నం లాంటివి ఎంత కరిగున్నాయో, చూపించు. మంచినీళ్ల ప్రమాణంలో లీటరుకి 200 మిల్లీగ్రాములు హద్దు, వేరే నీళ్లు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. నీది 400, 500 వస్తే హీటరు గురించి ఆలోచించాల్సిందే. పైపుకి తగిలించే చిన్న ఫిల్టరు కాఠిన్యాన్ని తీసెయ్యదు, పొర కట్టకుండా కొంత ఆపుతుంది. రెండు నెలలకోసారి ఖాళీ మెషీన్‌లో నిమ్మ ఉప్పు వేసి వేడి నీళ్లతో తిప్పు. ఫ్రంట్ లోడ్‌కి నురగ తక్కువ వచ్చే పౌడరే వాడు. నురగ ఎక్కువైతే ఉతికినట్టు నీకు కనిపిస్తుంది గాని, మురికి అందులోనే ఉంటుంది. అన్నట్టు మీది పై అంతస్తు. ట్యాంకు నెత్తిమీదే ఉంటే నీళ్ల ఒత్తిడి సరిపోకపోవచ్చు. మెషీన్‌కి అర బార్ ఒత్తిడి కావాలంటే కుళాయికి అయిదు మీటర్ల ఎత్తున నీళ్లుండాలి. బిల్డింగ్‌కి ప్రెషర్ పంపు ఉందేమో అసోసియేషన్‌ని అడుగు.

ఇంకో భయం. వాడిన తర్వాత తలుపు కాస్త తెరిచి పెట్టాలి, లేకపోతే రబ్బరు మడతల్లో బూజు పట్టి బట్టలు వాసనొస్తాయి. కానీ మన బుడ్డోడికి మూడేళ్లు, దాగుడుమూతల వయసు. చైల్డ్ లాక్ ఉందిగా అంటావు. అది బటన్లని ఆపుతుంది, చాలా వాటిల్లో తెరిచి ఉన్న తలుపుని ఆపదు. మెషీన్ పెట్టే యుటిలిటీ తలుపుకి పైన, వాడికి అందనంత ఎత్తున గడియ పెట్టించు. ఆ తర్వాత మెషీన్ తలుపు ఎంత తెరుచుకున్నా నాకు అభ్యంతరం లేదు. మెషీన్ అడుగున ఎలుకలు దూరకుండా జాలీ కూడా అడుగు. నవ్వకు, ఎలుక కొరికిన వైర్లు ఎన్ని చూశానో.

డ్రైయర్ గురించి నాకు అనుభవం తక్కువ. ఉతికి ఆరబెట్టే రెండూ ఒకదాంట్లోనే ఉన్నది అల్లుడుగారికి నచ్చిందట. 8 కిలోలు ఉతికితే అది 5 కిలోలే ఆరబెడుతుంది. మిగిలినవి బయటికి తీసి రెండోసారి వెయ్యాలి. అంతసేపూ కొత్త బట్టలు ఉతకడానికి లేదు. మీకు విడివిడిగా, ఒకదాని మీద ఒకటి పెట్టుకునేవే మంచివి. రెండూ ఒకే కంపెనీవి తీసుకుని, మధ్య బిగించే కిట్ కూడా తీసుకో. ఉన్న వేడినే మళ్లీ మళ్లీ వాడుకునే హీట్ పంప్ రకానికి రేటెక్కువ, టైమెక్కువ, కరెంటు మాత్రం మామూలు దాంట్లో సగం దగ్గర. వానాకాలం రోజూ వాడతావు కాబట్టి అదే చెబుతాను. గొట్టంలోంచి ఆవిరి వదిలేది మీ ఇంట్లో వద్దు, గొట్టం బయటికి పెట్టే దారి లేదు. జాలీలో పేరుకునే నూగు ప్రతిసారీ తియ్యి. ఆ నూగు అంటుకుంటే మంటే.

మీ అత్తయ్య మంగళగిరి చీరలు డ్రైయర్‌లో వెయ్యొద్దని మూడుసార్లు చెప్పింది. గంజి పెట్టిన వాటిని అసలు ఆ దరిదాపులకే తీసుకెళ్లొద్దంది.

బిగించేవాళ్లు వచ్చినప్పుడు రవాణాలో డ్రమ్ము కదలకుండా వెనక బిగించిన బోల్టులన్నీ విప్పారో లేదో లెక్కపెట్టు. విప్పకపోతే స్పిన్‌లో మెషీన్ హాల్లోకి నడిచొస్తుంది. వాటిని పారెయ్యకు, ఇల్లు మారేటప్పుడు కావాలి.

ఆదివారం పొద్దున బండికి వస్తున్నాను. టెస్ట్ ల్యాంపు సంచిలో పెట్టేశాను. అప్పటిదాకా ప్లగ్ పెట్టకు. గడ్డం సంగతి మీ అమ్మకి నేనే చెబుతాను, నువ్వు ముందు అనకు.

మామయ్య,
తెనాలి