సేంద్రియ వ్యవసాయం మన పూర్వీకులదా, ఇంగ్లీషువాళ్ళు నేర్పిందా?

ఇదీ మీ ప్రశ్న, పైగా రెండెకరాల్లో మొదలుపెడదామనీ రాశారు. నన్నడిగితే రెండూ సగం సగమే నిజం.

మాది పాలమూరు వైపు మెట్ట పల్లె. ఉలవ చేను పీకే రోజుల్లో మమ్మల్ని చీకటితోనే లేపేవారు. ఎండెక్కితే కాయ పగిలి గింజ రాలిపోతుంది, మంచు తడి ఆరేలోపే పని అయిపోవాలి. అది అడవి ఉలవ గుణం, ఇంకా పూర్తిగా వదల్లేదు. అడవి మొక్కలో కాయ ఎండగానే గింజల్ని చిమ్మేస్తుంది. చిమ్మకుండా నిలిచిన కాయలే మనిషి చేతికి ఎక్కువ దొరికాయి, మళ్ళీ విత్తిందీ వాటినే. అలా తరతరాలుగా సాగితే ఇప్పటి ఉలవ తయారైంది. అంటే పంట వరకూ అది మన పూర్వీకుల పనే.

పశువుల కథ ఇంత తేలిగ్గా తెమలదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు ఉంది (ఆదిలాబాద్‌ది కాదు). అక్కడి బూడిద దిబ్బని 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వితే తాటి మొద్దులతో కట్టిన దొడ్డి ఆనవాళ్ళు, బూడిదలో పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. ఆ బూడిదంతా పేడే! నాలుగు వేల ఏళ్ళకు పైబడినది. పండగ మంటలని ఆయన అభిప్రాయం. కారణం ఏదైనా, అంత పేడని తగలబెట్టారంటే పశువుని మచ్చిక చేసుకున్న రోజే ఎరువు విలువ తెలిసిపోయిందని నేననుకోను.

మా నాన్న కాలానికి మాత్రం ఆ విలువ అందరికీ తెలుసు. కోతలయ్యాక గొల్లలతో మాట్లాడుకుని చేలో గొర్రెల మంద పెట్టించేవాళ్ళు, బదులుగా గింజలు కొలిచేవాళ్ళు. ముందు ఎవరి చేలో అని గొడవలు కూడా అయ్యేవి.

ఇక ఇంగ్లీషువాళ్ళ వైపు నుంచి చెప్పుకోవాల్సింది ఆల్బర్ట్ హోవార్డ్ అనే వ్యవసాయ శాస్త్రవేత్త గురించి. 1905లో బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి వచ్చాడు, 1924 నుంచి ఇండోర్‌లో పనిచేశాడు. చెత్త, పేడ, మూత్రంతో తడిసిన మన్ను, బూడిద పొరలుగా పేర్చి, తిరగేస్తూ మూడు నెలల్లో ఎరువు చేసే పద్ధతిని అక్కడే స్థిరపరిచాడు. ఇక్కడి రైతుల దగ్గర, పురుగుల దగ్గర నేర్చుకున్నానని తనే చెప్పుకున్నాడు. కాబట్టి ఆయన్ని పరాయివాడని తోసేయలేను.

మీ రెండెకరాల సంగతికొస్తే, విత్తనాల కంటే ముందు పేడ ఎక్కణ్ణుంచి వస్తుందో చూసుకోండి. మా ఊళ్ళో ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక, సేంద్రియం అని బోర్డు పెట్టినవాళ్ళు కూడా పక్క ఊళ్ళ నుంచి లోడ్లు కొని తోలించుకుంటున్నారు.